కళ్లు తిరుగుతున్నాయి, రిపోర్టులన్నీ నార్మల్: డాక్టర్‌కి అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

"కళ్లు తిరుగుతున్నాయండి" అని నేను. "బీపీ బాగానే ఉందమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని డాక్టర్. పద్నాలుగు నెలల్లో అయిదుగురి దగ్గర ఇదే జరిగింది.

నాకు మొదలైంది ఒక జూన్ నెల తెల్లవారుజామున. మంచం మీద కుడివైపు ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరిగింది. అర నిమిషంలో ఆగిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. రెండు నెలలకి ఆ తిరగడం పోయి, దాని చోట పడవలో నిలబడ్డట్టు ఊగడం పట్టుకుంది. నేను టీచర్‌ని. బోర్డు మీద రాసి పిల్లల వైపు తిరిగేటప్పుడు బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. ఎమ్మారై తీస్తే నార్మల్. మెడ ఎక్స్‌రే తీసి, అరుగుదల ఉందని పట్టీ వేశారు. అత్తయ్య పైత్యం అనుకుని రోజూ నిమ్మరసం ఇచ్చేది. అందరూ నా మంచి కోరినవాళ్లే. నాకు ఏమవుతోందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఆరో డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు నేను రెండు వారాలు కూర్చుని ఒక పేజీ తయారు చేసుకున్నాను. ఆయన దాన్ని చదివి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తల పక్కకి తిప్పి కళ్లు పరీక్షించారు. మొదట వచ్చింది చెవి జబ్బనీ, అది దానంతట అదే తగ్గిందనీ, అది వదిలి వెళ్లిన ఊగడం మాత్రం మిగిలిందనీ చెప్పారు. నాకిప్పటికీ పూర్తిగా తగ్గలేదు. కానీ దానికో పేరుంది, చేయాల్సిన పనుంది. ఆ పేజీ ఎలా తయారు చేసుకోవాలో, దాన్ని పట్టుకుని డాక్టర్ గదిలో ఎలా మాట్లాడాలో, ఏ పేరూ దొరకని రోజుల్లో ఎలా నెట్టుకురావాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా: ఆగకూడని సందర్భాలు

తల తిరగడంతో పాటు మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక చేయో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, గుండెదడతో స్పృహ తప్పడం, మెట్లెక్కుతూనో పరిగెడుతూనో పడిపోవడం కూడా అలాంటివే. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే ఆ రోజే, కాకపోతే మర్నాడే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవాలి. దానికి మందు పనిచేసే వ్యవధి చాలా తక్కువ.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఇవేవీ లేకుండా వారాలు, నెలల తరబడి సాగే తల తిరుగుడు గురించి.

మెట్టు 1: "కళ్లు తిరగడం" అనే మాటను విడగొట్టండి

మన దగ్గర ఈ ఒక్క మాటతో ఎన్నో చెబుతాం. ఎండలో నిలబడి స్పృహ తప్పితే "కళ్లు తిరిగి పడిపోయింది" అంటాం. ఉపవాసం నాటి నీరసానికీ అదే మాట, రంగులరాట్నం దిగినప్పటి స్థితికీ అదే మాట. కొత్తగా పెళ్లయిన పిల్ల ఆ మాటంటే ఇంట్లో వాళ్లు ముఖాలు చూసుకుంటారు. డాక్టర్ మాత్రం వీటన్నిటికీ చీటీ మీద "గిడ్డీనెస్" అని ఒకటే రాస్తారు. నా పాత చీటీలు అయిదింటిలోనూ ఆ పదమే ఉంది.

కాబట్టి మీకు జరిగేది వీటిలో ఏదో తేల్చుకోండి. ఒకటికి మించి ఉండొచ్చు.

- గది తిరగడం: మీరు కదలకపోయినా గోడలు, ఫ్యాను తిరుగుతున్నట్టు ఉండటం.
- ఊగడం: పడవలోనో ఉయ్యాల మీదో ఉన్నట్టు అనిపించడం.
- తూలడం: తలలో ఏమీ లేకపోయినా నడకలో ఒక పక్కకి లాగేయడం.
- బైర్లు కమ్మడం: లేచి నిలబడగానే కళ్ల ముందు చీకట్లు రావడం, పడిపోతానేమో అనిపించడం.
- దిమ్ము: తల బరువెక్కి, మబ్బు కమ్మినట్టు ఉండటం.
- ఎదురుగా ఉన్నవి గెంతడం: నడుస్తుంటే షాపు బోర్డుల మీది అక్షరాలు ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపించడం.

అయితే ఈ మాటలు మాత్రమే సరిపోవు. అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన తల తిరుగుడు రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2007లో అచ్చయింది. ఎలా అనిపిస్తోందో అడిగి, కాసేపాగి మళ్లీ అదే అడిగితే చాలామంది జవాబు మార్చేశారు. ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది అన్న ప్రశ్నలకి మాత్రం జవాబులు అంతగా మారలేదు. డాక్టర్‌కి ఎక్కువ పనికొచ్చేవి ఆ రెండే: ఎంతసేపు, ఏం చేస్తే.

మెట్టు 2: రెండు వారాలు నోటుపుస్తకం

పిల్లల పాత నోటుపుస్తకం చాలు. వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం, అప్పుడేం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది, ఇంకేమేం వచ్చాయి అన్నవి రాయండి. నా పుస్తకంలో రెండు పద్దులు ఇలా ఉన్నాయి:

"4వ తేదీ, సాయంత్రం 6. బట్టల షాపు, లైట్లు, జనం. ఊగినట్టు. కూర్చుంటే నెమ్మదించింది. మొత్తం 40 నిమిషాలు."

"9వ తేదీ, ఉదయం 11. బడి వరండాలో నడుస్తుంటే ఊగడం. పడుకున్నాక దాదాపు లేదు. చెవిలో హోరు లేదు, తలనొప్పి లేదు."

"లేదు" అన్నవి కూడా రాయాలి. చెవిలో హోరు ఉందా, వినికిడి తగ్గిందా, తలనొప్పి వచ్చిందా, వెలుతురు, చప్పుడు భరించలేకపోయారా, ఆ రోజు తిండి మానేశారా, నిద్ర చాల్లేదా, నెలసరి దగ్గర పడిందా అన్నవి చూసుకోండి. నిమిషాలని అంచనా వేయకండి, ఫోన్‌లో టైం చూడండి. తల తిరిగేటప్పుడు పది సెకన్లు పది నిమిషాల్లా అనిపిస్తాయి.

రెండు వారాలు రాస్తే ఒక తీరు కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని చదివే పద్ధతి సుమారుగా ఇదీ.

పక్కకి ఒత్తిగిల్లినప్పుడు, పై అరలో డబ్బా అందుకోవడానికి తల ఎత్తినప్పుడు వచ్చి, నిమిషం లోపే ఆగిపోతే ముందుగా అనుమానించేది బీపీపీవీ అనే చెవి సమస్యని. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలుంటాయి. సున్నపురాయిలో ఉండే పదార్థమే అది. అవి ఊడి, పక్కనున్న అర్ధవర్తుల గొట్టాల్లోకి జారితే తల కదిపినప్పుడల్లా గది తిరుగుతుంది. వీటిని ఎమ్మారై, సీటీ చూపించలేవు. పడుకోబెట్టి తల తిప్పి, కళ్ల కదలిక చూసే డిక్స్ హాల్‌పైక్ పరీక్షతో పట్టుకోవాలి. 1952 నుంచి ఉన్న పరీక్ష ఇది. మంచం ఒకటి ఉంటే చాలు, మిషనేదీ అక్కర్లేదు. తల కొన్ని భంగిమల్లో తిప్పి ఆ స్ఫటికాలను వెనక్కి పంపే పద్ధతిని కనిపెట్టింది జాన్ ఎప్లీ అనే అమెరికా చెవి డాక్టర్. 1992లో అది పత్రికలో అచ్చయ్యేదాకా ఏళ్ల తరబడి తోటి డాక్టర్లే ఆయన్ని నమ్మలేదు. మీ మాట ఎవరూ వినడం లేదని ఏడుపొచ్చిన రోజున ఇది గుర్తు తెచ్చుకోండి. జబ్బు తెలిసిన డాక్టర్‌కే అలా జరిగింది.

5 నిమిషాల నుంచి 72 గంటల దాకా ఉండి, వెలుతురు, చప్పుడు పడకపోవడమో సగం తలనొప్పో తోడుగా ఉంటే వెస్టిబ్యులర్ మైగ్రేన్, అంటే తల తిరుగుడుగా వచ్చే మైగ్రేన్ కావచ్చు. ప్రతిసారీ తలనొప్పి రావాలని లేదు. చాలామందికి ఇది దొరక్కుండా పోయేది అందుకే. చిన్నప్పుడు తలనొప్పులు ఉండేవా, అమ్మకో అక్కకో ఉందా అని అడిగి తెలుసుకోండి.

20 నిమిషాల నుంచి 12 గంటలు ఉండి, ఒక చెవి మూసుకుపోయినట్టు, హోరుగా, వినికిడి హెచ్చుతగ్గులుగా ఉంటే మెనియర్ జబ్బుని చూస్తారు. తల తిరగడానికి కారణం మెదడే అని అందరూ అనుకునే రోజుల్లో, లోపలి చెవి కూడా కావచ్చని 1861లో పారిస్‌లో చెప్పిన డాక్టర్ పేరు దానికి పెట్టారు.

లేచి నిలబడినప్పుడే వస్తే బీపీ, నాడి, రక్తం చూడాలి. ఒక్కసారిగా మొదలై, వాంతులతో రోజుల తరబడి ఆగకుండా తిరిగితే చెవి నరం వాపు కావచ్చు. మొదటిసారి అలా వస్తే ఇంట్లో ఉండకుండా ఆస్పత్రికే వెళ్లాలి, పక్షవాతం కూడా అలాగే మొదలవగలదు.

ఇక నాకున్నది. మూడు నెలలు, అంతకు మించి, దాదాపు రోజూ ఊగుతున్నట్టు ఉండటం. నిలబడితే, నడిస్తే, జనంలోకి వెళితే, వరసగా సరుకులు పేర్చిన సూపర్‌మార్కెట్‌లో తిరిగితే ఎక్కువవుతుంది. దీన్ని పీపీపీడీ అంటారు. ఏదో ఒక తల తిరుగుడు వచ్చి తగ్గాక, మెదడు ఆ జాగ్రత్తలోంచి బయటికి రాలేక ఉండిపోయే స్థితి ఇది. దీన్ని గుర్తించే కొలమానాలు 2017లో మాత్రమే ఖరారయ్యాయి. అందువల్ల పేరు వినని డాక్టర్లు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఇవి చదివి మీకు మీరే జబ్బు తేల్చేసుకోకండి. మీ పుస్తకంలో ఏ వివరం విలువైనదో తెలియడానికే ఇదంతా చెప్పాను.

మెట్టు 3: ఇంట్లో చేసుకోగల రెండు పరీక్షలు

*బీపీ, పడుకుని, నిలబడి.* బీపీ మిషన్ ఉంటే 5 నిమిషాలు పడుకుని కొలవండి. తర్వాత లేచి నిలబడి 1 నిమిషానికి, 3 నిమిషాలకి కొలవండి. పక్కన ఒకరు ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అది లెక్కలోకి వస్తుంది. బీపీ పడకుండా, నిలబడిన 10 నిమిషాల్లో నాడి ముందున్న దానికంటే నిమిషానికి 30 గానీ అంతకు మించి గానీ పెరిగి అలాగే ఉంటే అదీ రాసుకోండి. ఆస్పత్రిలో కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి కొలిస్తే ఇవేవీ కనపడవు. "బీపీ నార్మల్" అన్నది ఎలా కొలిచినప్పటి సంగతో ఎవరూ చెప్పరు.

*కళ్ల వీడియో.* గది తిరుగుతున్నప్పుడు ఇంట్లో ఒకరిని ఫోన్‌తో మీ కళ్లని దగ్గరగా వీడియో తీయమనండి. వెలుతురు ఉండాలి, కళ్లు తెరిచి ఉంచాలి. కనుగుడ్లు ఒక వైపుకి టపటపా కొట్టుకోవడం అందులో కనిపిస్తే, నెలల తరబడి చెప్పినా అర్థం కానిది పది సెకన్లలో అర్థమవుతుంది. ఆస్పత్రికి వెళ్లేసరికి తగ్గిపోయేవాళ్లకి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

మెట్టు 4: మందులన్నీ ఒక సంచిలో

పేర్లు రాయడం కాదు, స్ట్రిప్పులే తీసుకెళ్లండి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, నిద్ర మాత్రలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆకు మందులు, అన్నీ. ఆ మధ్య ఆస్పత్రిలో చేరి జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు తీసుకున్నా, క్షయకి స్ట్రెప్టోమైసిన్ వాడినా తప్పకుండా చెప్పండి. అవి లోపలి చెవిలో ఒంటి తూకం నిలిపే కణాలను దెబ్బతీయగలవు. నడుస్తుంటే బోర్డులు గెంతేది ఎక్కువగా అలాంటివాళ్లకే.

ఆడవాళ్లకి ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్, షుగర్ చూపించుకోకుండా పెద్ద స్కాన్లకి డబ్బు పోయకండి.

మెట్టు 5: ఒకే పేజీ

నోటుపుస్తకం డాక్టర్ చేతికి ఇస్తే పక్కన పెట్టేస్తారు. తప్పు వారిది కాదు, బయట అరవై మంది ఉంటారు. 1984లో అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో, రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డు వచ్చారని తేలింది. మన ఓపీలు అంతకంటే తీరికగా ఏమీ ఉండవు. అందుకే మొదటి రెండు వాక్యాల్లోనే అసలు సంగతి ఉండాలి. నా పేజీ ఇలా మొదలైంది:

"వయసు 43. నిరుడు జూన్‌లో మంచం మీద కుడివైపు తిరిగితే అర నిమిషం గది తిరిగేది, రెండు నెలలకి పోయింది. ఆగస్టు నుంచి దాదాపు రోజూ ఊగినట్టు ఉంటోంది, నిలబడితే, జనంలో ఉంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. చెవి హోరు లేదు, స్పృహ తప్పలేదు. దీనివల్ల చేయలేని పనులు: స్కూటీ నడపడం, గంటసేపు నిలబడి పాఠం చెప్పడం, స్టూలెక్కడం."

దాని కింద చేసిన పరీక్షలు తేదీలతో, వాడిన మందులు, వాటితో తగ్గిందా లేదా. చివర్లో మూడే ప్రశ్నలు. అంతే. "చేయలేని పనులు" అన్న వరసను వదలకండి. "చాలా బాధగా ఉందండి" అంటే ఎవరి బాధ అయినా ఒకటే. స్కూటీ మానేశానంటే అది ఎంత బాధో తెలుస్తుంది.

మెట్టు 6: డాక్టర్ గదిలో

తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, కానీ మాట్లాడేది మీరేనని బయటే అనుకోండి. నా విషయంలో రెండు చోట్ల డాక్టర్ మావారి వైపు చూసే మాట్లాడారు. ఆయనేమో "ఇంటి పని, బడి పని ఎక్కువైందండీ" అని ప్రేమగానే అన్నారు. టెన్షన్ అన్న మాట అక్కడే పుట్టింది. మూడోసారి ఆయనకి ఒకే పని ఇచ్చాను: డాక్టర్ చెప్పినవి రాసుకోవడం, వీడియో చూపించడం.

తల కదిపితే వచ్చే రకమైతే సూటిగా అడగండి: "డాక్టర్ గారూ, పడుకోబెట్టి తల తిప్పి చూసే పరీక్ష ఒకసారి చేస్తారా?" ఇందులో అమర్యాద ఏమీ లేదు.

రిపోర్టులు నార్మల్ అన్నప్పుడు: "సంతోషమండీ. వీటితో ఏమేం లేవని తేలింది? ఈ పరీక్షల్లో కనపడనివి ఇంకేమైనా మిగిలాయా?"

టెన్షన్ అన్నప్పుడు వాదించకండి. నేను వాదించాను, చీటీ మీద ఇంకో నిద్రమాత్ర చేరింది. దానికి బదులు ఇలా అడగొచ్చు: "కావచ్చండీ. టెన్షన్ కాకపోతే ఇంకేం అయ్యే అవకాశం ఉంది? అది కాదని ఎలా తెలుస్తుంది?" నిజానికి నెలల తరబడి నేల కదులుతుంటే ఎవరికైనా భయం పుడుతుంది. ఆ భయం ఊగడాన్ని పెంచుతుంది కూడా. అందుకే పీపీపీడీలో సెర్ట్రలీన్ లాంటి మందును తక్కువ మోతాదులో మొదలుపెట్టి ఇస్తారు. మానసిక వైద్యంలో వాడే మందు కదా అని నేను నెల రోజులు ముట్టుకోలేదు. ఆ నెల అనవసరంగా పోయింది. ఆ మందు ఇచ్చినంత మాత్రాన మీరు ఊహించుకుంటున్నారని అర్థం కాదు.

మెడ అరుగుదల మాట వస్తే, ఎక్స్‌రేలో అరుగుదల నడివయసు దాటిన చాలామందిలో, ఏ బాధా లేనివాళ్లలో కూడా కనిపిస్తుందని తెలిసి ఉండండి. పట్టీ ఎన్ని రోజులు వాడాలో అడగండి. నెలల తరబడి వాడితే మెడ కండరాలు బలహీనపడతాయి.

తల తిరగకుండా ఇచ్చే స్టెమెటిల్, సినారిజిన్ లాంటి మాత్రల గురించి కూడా "ఎన్ని రోజులు?" అని అడగండి. వాంతులతో అల్లాడే కొద్ది రోజులకి అవి మేలు చేస్తాయి. నెలల తరబడి వేసుకుంటే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది, పెద్దవాళ్లకి చేతుల వణుకు కూడా రావచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, అడిగి ఆపండి.

లేచేముందు చివరి ప్రశ్న: "ఎన్ని వారాలు చూసి మళ్లీ రమ్మంటారు? అప్పటికి తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?"

మెట్టు 7: ఇంకో డాక్టర్‌ని కలవాలంటే

కలవడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం తీసుకునే హక్కు ఉంది. ఆస్పత్రిలో చేరి ఉంటే, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం అందినట్టు సంతకం తీసుకోండి. చీటీలన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టండి, ఫోన్‌లో ఫొటోలు ఉంచుకోండి.

ముందు జనరల్ ఫిజీషియన్, ఆ తర్వాత వినికిడి పరీక్షతో ఈఎన్‌టీ, తలనొప్పి, నరాల లక్షణాలు ఉంటే న్యూరాలజిస్ట్. ఈ వరస ఖర్చు తగ్గిస్తుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "వర్టిగో రోగులను చూస్తారా, తల తిప్పే పరీక్షలు చేస్తారా" అని అడగండి. ప్రైవేటుకి వెళ్లలేనివాళ్లకి హైదరాబాద్ కోఠీలో, విశాఖపట్నంలో ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి.

మెట్టు 8: పేరు దొరికేదాకా

పూర్తిగా పడుకుని ఉండిపోకండి. పడుకుంటే హాయిగా ఉంటుంది, నిజమే, కానీ లేచిన ప్రతిసారీ మెదడు మళ్లీ మొదటికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తలకి గాయాలైన సైనికుల కోసం ఇంగ్లండ్‌లో కాథార్న్, కుక్సీ అనే ఇద్దరు తల, కళ్ల వ్యాయామాలు రూపొందించారు. తల తిరుగుడికి ఈనాడు చేయించే వ్యాయామ చికిత్సకి, అంటే వెస్టిబ్యులర్ ఫిజియోథెరపీకి అవే పునాది. నాకు మొదట నేర్పింది చాలా చిన్నది. చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, దాని మీంచి చూపు తప్పకుండా తల కుడికీ ఎడమకీ అర నిమిషం తిప్పడం, రోజుకి రెండు మూడుసార్లు. కొద్దిగా తిరిగినట్టు అనిపిస్తుంది, అది మామూలే. వాంతి వచ్చేంతగా ఉంటే తగ్గించాలి. మీకు సరిపడేవి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి. ఏ చెవో తేలకుండా వీడియోలు చూసి ఎప్లీ పద్ధతి మాత్రం చేసుకోకండి.

ఇంట్లో రాత్రి బాత్రూం దారిలో చిన్న లైటు, బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉండాలి. మంచం దిగేముందు నిమిషం కూర్చోండి. స్టూలెక్కి అటక సర్దడం, దాబా మీద పిట్టగోడ దగ్గర వడియాలు పెట్టడం, నూనె మూకుడు ఒక్కరే దించడం వేరేవాళ్లకి అప్పగించండి. చెరువులో, కాలవలో ఒంటరిగా దిగకండి. ఒక్కసారిగా వచ్చే రకమైతే బండి నడపొద్దు. మైగ్రేన్ అనుమానం ఉన్నవాళ్లు ఉపవాసాల విషయంలో ఇంట్లో గట్టిగా చెప్పాలి. తిండి, నిద్ర వేళ తప్పితే తల తిరుగుడు వచ్చేస్తుంది.

బయటికి వెళ్లడం మానకండి, చిన్నగా మొదలుపెట్టండి. నేను బట్టల షాపులోకి వెళ్లే ముందు వారం రోజులు దాని ఎదురుగా అయిదు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు పైఅంతస్తు దాకా వెళ్తున్నాను, మెట్ల కడ్డీ పట్టుకుని.

ఇంట్లో వాళ్లకి కూడా ఆ ఒక్క పేజీ చదివి వినిపించండి. మా అత్తయ్య విని, "అయితే పైత్యం కాదన్నమాట" అంది. ఆ రోజు నుంచి నేను గోడ పట్టుకుని నడుస్తుంటే ఏమైందని అడగకుండా వచ్చి చేయి పట్టుకుంటోంది.

నోటుపుస్తకం మూసేయకండి. వ్యాయామాలు మొదలుపెట్టాక కూడా వారానికోసారి రాయండి: ఎన్ని రోజులు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ పని మళ్లీ చేయగలిగారు. ఆరు వారాల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు, "ఎలా ఉందమ్మా?" అన్నదానికి జవాబు అందులోనే ఉంటుంది.